హాజరు పట్టీ ముందు పేరమ్మ

దొరువుపాళెంలో దురాయి పడి ఆ పొద్దుకు ఇరవై రెండు రోజులు. పాళెంలో ఒక్కరికీ కుదురు లేదు.

మొదలంతా కాగితాలతో వచ్చింది. బడి ఈడు పిల్లల్ని బడికి పంపి తీరాలని, అది ఇప్పుడు చట్టమని, పంపని తల్లిదండ్రులు అధికారి ముందు సంజాయిషీ చెప్పుకోవాలని పంచాయతీ సమితి బంట్రోతు ఆరు గుడిసెల తడికలకు నోటీసులు అంటించిపోయినాడు. ఇంట్లో మనిషిని పిలిచి చేతికివ్వకుండా తడిక్కి అంటించడం పాళెం పెద్ద, పెదకాపు చిన్నపోలయ్యకు ఎక్కడో తగిలింది. ఆ సాయంత్రమే కులపెద్దల్ని ఇసకలో కూచోబెట్టి, అమ్మవారి పేరు చెప్పి దురాయి కట్టడి వేయించినాడు. అలివి వల సాగినన్నాళ్లు ఏ ఇంటి బిడ్డా బడికి పోకూడదు. పోయిన ఇంటికి తాడు మీద చోటు లేదు.

తాడు మీద చోటంటే ఆ పాళెంలో బతుకే. అలివి వల ఏ ఒక్కరి సొత్తూ కాదు. తెప్పల మీద పోయినవాళ్లు దాన్ని అలలవతల చుట్టూ తిప్పి విడిచివస్తే, గట్టున ఇంటికొక మనిషి చొప్పున నిలబడి రెండు తాళ్లూ లాగాలి. లాగిన ఇంటికి చేపల్లో పాలు. లాగని ఇంటికి సముద్రం ఉండీ లేనట్టే.

పేరమ్మ ఇంట్లో తాడు పట్టే మనిషి పదకొండేళ్ల నాగులమ్మ. మొగుడు ఆదెయ్య మూడేళ్ల కిందట తెప్ప తిరగబడి పోయినాడు. పేరమ్మ కోడి కూయకముందే గంపెత్తుకుని అల్లూరి దారి పడితే గానీ చేప అమ్ముడు పోదు. తిరిగి గుడిసె చేరేది పొద్దు నడినెత్తి దాటినాక. అంతవరకు ఆ ఇంటి పేరున తాడు దగ్గర నిలబడేది ఆ పిల్లే. వల ఉన్న రోజుల్లో గైరుహాజరు, వల లేని రోజుల్లో బడికి పోయేది. చట్టమనే మాట పాళెంలో వినబడకముందే, ఎవరూ ఏ కాగితమూ అంటించకముందే, పేరమ్మ తనంతట తానుగా పంపింది. అట్టా అట్టా అయిదో క్లాసు దాకా లాక్కొచ్చింది. ఈ ఏడు దాటితే అల్లూరు హైస్కూల్లో ఆరో క్లాసు.

ఇప్పుడు ఆ పనికే ఒకరు పంపి తీరాలంటారు, ఇంకొకరు పంపితే తాడు వదులుకోమంటారు. దురాయి పడిన రోజు పేరమ్మ కూతుర్ని ముందర కూచోబెట్టుకుని, "వల అయ్యేదాకా బడి మాట ఎత్తబాక నాయనా" అనింది. ఆ పిల్ల తల ఊపింది. ఏడవలేదు, మొండికేయలేదు. అంత తేలిగ్గా ఎట్ట ఒప్పుకుందా అని పేరమ్మ అప్పుడు ఆలోచించలేదు. గంప బరువు అట్టాంటివి ఆలోచించనియ్యదు.

ఆ పొద్దు విచారణకు సమితి నుంచి చదువుల అధికారి వస్తున్నాడని కబురొచ్చింది. నోటీసు పడిన ఇళ్లలో మొదటి పేరు తనదే. పేరమ్మ గంప ఎత్తలేదు. కూతుర్ని వెనక తాడు చుట్టే పనికి పంపి, తనే తాడు పట్టింది.

అధికారి కామాక్షయ్య సరుగుడు తోపు దాకా సైకిలు తొక్కుకుంటూ వచ్చినాడు, తోపు దాటాక తోసుకుంటూ వచ్చినాడు, చివరి దిబ్బ దగ్గర దాన్ని భుజానికెత్తుకున్నాడు. బడి పాక ముందు కుర్చీలో కూలబడి, బూట్లలో ఇసక దులుపుకుని, "పిలిపించండి మాస్టారూ" అన్నాడు.

పాళెం వాళ్లంతా అయివోరు అని పిలిచే బడిపంతులు విజయభాస్కర్‌ది కొడవలూరు. వరి పొలాల మధ్య పుట్టినవాడు. ఈ ఇసకలోకి వచ్చి అయిదేళ్లయింది. "తాడు వదిలి రారండీ. వల సగంలో ఉంది. మనమే పోవాలి" అన్నాడు.

అట్టా ఆ పూట విచారణ గట్టున జరిగింది. అయివోరు కుర్చీ మోసుకొచ్చి తాడు పక్కన వేసినాడు. ముప్పై మంది ఒక తాడు మీద, ముప్పై మంది ఇంకో తాడు మీద, నడుములు వెనక్కి వంచి ఒక్కో అడుగు వెనక్కి వేస్తున్నారు. వెనక కొస దాకా పోయిన మనిషి తాడు వదిలి, నీళ్ల అంచుకు పరిగెత్తి మళ్లీ ముందు పట్టుకుంటున్నాడు.

"కాసేపు ఆపించవయ్యా" అన్నాడు కామాక్షయ్య.

"మేమాపతాం సార్. లోపల చేపకి తమరు చెప్పండి, కాసేపు ఉండమని" అన్నాడు చెంచయ్య, తాడు మీద నుంచే. వాడికి అధికార్లను చూస్తే నోరు ఊరుకోదు. నలుగురు నవ్వినారు. కామాక్షయ్యకూ కొంచెం నవ్వొచ్చింది గానీ మింగేసినాడు.

చిన్నపోలయ్య తాడు పక్కనే నడుస్తున్నాడు. అరవై దాటిన మనిషి, ఒంటి మీద పంచె తప్ప ఏమీ లేదు, చేతిలో చేవ కర్ర. కొడుకులిద్దరూ తెప్పల మీద ఉండబట్టి ఆ ఇంటి తరఫున తాడు పట్టింది మనవరాలు పిచ్చమ్మ. పదేళ్ల పిల్ల, ముందు వరసలో మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడి ఉంది.

"ఏందయ్యా ఈ విచారణ?" అన్నాడు పెదకాపు. "స్వతంత్రం వచ్చిందన్నారు. సరే అన్నాం. పోయినేడు ఓటెయ్యమన్నారు, పెళ్లికి పోయినట్టు పొయ్యి వేసొచ్చినాం. మా బిడ్డ యాడ కూచోవాల్నో గూడా మీరే చెప్తే ఇంక మాకొచ్చింది ఏంది?"

"స్వతంత్రం మీ ఒక్కరికే రాలేదు పెద్దాయనా. మీ బిడ్డలక్కూడా వచ్చింది. వాళ్లని ఈ తాడుకు కట్టి పెట్టే హక్కు మీకు లేదు."

"కట్టినామా? చూసుకోండి, ఎవరి నడుముకన్నా ముడి ఉండాదేమో."

"దురాయి ముడి కాదా?"

పెదకాపు రెండడుగులు నడిచి ఆగినాడు. "మీ నోటీసు కాదా?"

కామాక్షయ్య జేబురుమాలు తీసి మొహం తుడుచుకున్నాడు. ఇద్దరూ బాగానే మాట్లాడుతున్నారనుకుంది పేరమ్మ వెనక్కి అడుగేస్తూ. మాట్లాడేది మాత్రం ఎవరి బిడ్డ గురించో అర్థం కాలేదు.

"మేం చదువొద్దనలా" అన్నాడు చిన్నపోలయ్య గొంతు తగ్గించి. "గంట మార్చమన్నాం. తెల్లారగట్ట కొంచేపు, వల గట్టెక్కినాక కొంచేపు. మీ పది గంటలు, నాలుగు గంటలు నెల్లూరు కచేరీలకి సరిపోతాయి. ఈడ సరిపోవు. మూడు అర్జీలు పెట్టినాం. ఒక్కదానికన్నా బదులిచ్చినారా?"

"అన్ని బళ్లకీ ఒకటే టైము. ఒక్క పాళెం కోసం మార్చే అధికారం నాకు లేదు."

"ఎవరికుండాది?"

"పైవాళ్లకి."

"పైన ఎవరు?"

కామాక్షయ్య సంచిలో నుంచి హాజరు పట్టీ తీసినాడు. పొద్దునే బడి పాకలో బల్ల మీద నుంచి తీసుకుని సంచిలో పెట్టుకున్నదే, ఇంకా తెరిచి చూడలేదు. అయివోరు ఏదో అనబోయి ఆగినాడు. పేరమ్మ అది చూసింది.

"ఆదెయ్య భార్య పేరమ్మ ఎవరు?"

"నేనేనయ్యా." తాడుతో పాటు వెనక్కి పోతూనే పలికింది.

"నీ కూతురు నాగులమ్మ. అయిదో క్లాసు."

"అవునయ్యా."

కామాక్షయ్య వేలు పట్టీ మీద అడ్డంగా జరిగింది. చివరికి పోయి, మళ్లీ మొదటికొచ్చి, ఇంకోసారి జరిగింది. నోటీసు తీసి చూసినాడు. అయివోరి మొహం చూసినాడు.

"ఇదేంటి మాస్టారూ. గైరుహాజరని మేం నోటీసిచ్చింది ఈ అమ్మాయికే. ఈ అమ్మాయేమో నోటీసు పడినప్పటి నుంచి ఆదివారాలు పోను పంతొమ్మిది రోజులూ హాజరు."

తాడు మీద ముప్పై జతల చేతులూ ఒక్కసారిగా వదులైనాయి. లోపల వల బరువుకి తాడు జానెడు ముందుకు జారింది. "పట్టండి, పట్టండి" అని చెంచయ్య అరిచిందాకా ఎవరికీ స్పృహ లేదు.

పెదకాపు కర్ర ఇసకలో గుచ్చుకుని నిలబడిపోయింది.

"భయపడకమ్మా" అన్నాడు కామాక్షయ్య. "మీ అమ్మాయి బడికి వచ్చిందా రాలేదా, అంతే చెప్పు. వచ్చిందంటే నీ నోటీసు ఇక్కడే చించేస్తా."

"చెప్పు పేరమ్మా" అన్నాడు చిన్నపోలయ్య. "నేనూ అదే అడగతాండా. పోయిందా?"

ఇద్దరిదీ ఒకటే ప్రశ్న. వచ్చిందంటే కాగితం చిరుగుతుంది, తాడు పోతుంది. రాలేదంటే తాడు నిలుస్తుంది, కాగితం మిగులుతుంది. దాంతో పాటు ఈ అయివోరు దొంగరాత రాసినవాడవుతాడు. అంతకుముందు వచ్చిన అయివార్లు దొరువు నీళ్లు పడలేదని ఒకడు, పాము కనబడిందని ఒకడు మూణ్ణెల్లకే మూటలు కట్టినారు. ఆఖరువాడు పోయినాక నాలుగేళ్లు బడి పాకలో మేకలు పడుకున్నాయి. ఇతను పోతే మళ్లీ మేకలే. అప్పుడు నాగులమ్మను ఏ బడి నుంచి ఆరో క్లాసుకి పంపేది?

అరచేతుల్లో తాడు పీచు మండుతోంది. పేరమ్మకు తెలిసిన నిజం ఒకటే. తను వద్దనింది. పిల్ల పోలేదు.

"రాలేదయ్యా" అనింది. "అయివోరి మీద నాకేం కోపం లేదు. అడిగినారు గాబట్టి చెప్తాండా. నేనే వద్దన్నా."

కామాక్షయ్య పట్టీ మూసినాడు. "విన్నారా మాస్టారూ. బడి నిలబెట్టుకోవాలంటే ఇదా దారి? దీనికి ఉద్యోగం పోతుందని మీకు తెలీదా?"

"తెలుసండీ."

"అయితే ఎందుకు రాశారు?"

"పట్టీలో తప్పేం లేదండీ."

"అంటే ఈవిడ అబద్ధమాడుతోందా?"

"లేదండీ. ఆమెకు తెలీదు."

అయివోరు కింద ఇసక చూస్తూ నిలబడినాడు. ఆమెకు తెలీదు అన్న ఆ రెండు మాటలు పేరమ్మ చెవిలో ఈగ మాదిరి తిరిగినాయి. ఏం తెలీదు తనకి?

"నేను పోయినా."

వెనక తాడు చుట్టే చోటు నుంచి వచ్చింది ఆ మాట. నాగులమ్మ చుట్టిన తడితాడు కింద పడేసి నిలబడి ఉంది.

"దినామూ పోయినా. బడికి గాదు, సరుగుడు తోపుకి. మాయమ్మ గంపెత్తుకోని అట్ట పోంగానే నేను ఇట్ట పోయేదాన్ని. వెలుగొచ్చేటప్పుడు అయివోరు చెప్పేవోరు. ఇసకలో పుల్లతో లెక్కలు చేసేదాన్ని. తాడుకి పిలుపు రాంగానే చెరిపేసి పరిగెత్తేదాన్ని. తాడు ఒక్క పొద్దు గూడా వదల్లేదు. కావాలంటే అడగండి ఎవర్నయినా."

అది నిజమే. ఆ పిల్ల ఒక్క పొద్దు గూడా తాడు వదల్లేదు.

"నాతో ఒక్క మాట చెప్పలేదేందే" అనింది పేరమ్మ.

"బడి మాట ఎత్తబాక అన్నావు గదమ్మా. ఎత్తలేదు."

చెంచయ్య నవ్వబోయి పెదకాపు మొహం చూసి దగ్గుగా మార్చుకున్నాడు.

కామాక్షయ్య కుర్చీలోంచి లేచినాడు. ఇంతసేపూ అతను వెతుకుతున్నది గైరుహాజరైన పిల్ల కోసం. తీరా దొరికింది మాత్రం తెల్లారకముందే లేచి చదువుకునే పిల్ల. ఆ సంతోషం మొహంలో ఒక్క క్షణం నిలబడింది. అంతలోనే ఉద్యోగం గుర్తొచ్చింది. "కానీ మాస్టారూ, తోపులో చెప్పిన పాఠానికి హాజరు ఎలా వేస్తారు? బడి టైము పది నుంచి నాలుగు. ఆ టైములో బడిలో లేని పిల్ల, రూలు ప్రకారం, లేనట్టే."

"పోయినా గూడా పోనట్టేనా?" అన్నాడు చిన్నపోలయ్య. తన అర్జీలో అడిగిన గంటల్లోనే అయివోరు పాఠం చెప్పినాడన్న సంగతి అప్పుడే తట్టినట్టుంది. ఆ ముసలి మొహంలో ఏదో మెత్తబడింది. "మేమడిగినట్టే చెప్పినాడు గదయ్యా ఈ అబ్బయ్య" అన్నాడు, సగం తనలో తను.

తర్వాత కర్ర ఇసకలోంచి పీకినాడు. రెండు తాళ్ల మీదా అరవై మంది తన నోటి వంకే చూస్తున్నారని ఆయనకు తెలుసు. దురాయి వేసినోడు దాన్ని ఒక్క ఇంటి కోసం సడలిస్తే రేపు ఏ మాటకీ విలువ ఉండదు. తుపాను మీద తుపాను వచ్చినా ఆ పాళెం చెదరకుండా నిలబడింది ఆ మాట మీదనే.

"తోపులో అయితేనేం, పాకలో అయితేనేం. పోవద్దన్నాం, పోయింది. పేరమ్మా, తాడు వదులు."

పేరమ్మ వెంటనే వదల్లేదు. అలవాటు కొద్దీ ఇంకొక అడుగు వెనక్కి వేసింది. పక్కనున్న ఆడది మొహం తిప్పుకునింది.

"వదలతా పెదకాపా" అనింది. "ఆదెయ్య పోయిన పదకొండో నాడు ఈ తాడు పట్టుకోమని నా చేతికిచ్చింది నువ్వే. అది మర్చిపోను. నువ్వు తీసుకుంటానంటే కాదనను. కానీ నా బిడ్డ తప్పు చేసిందని మాత్రం నా నోటితో అనిపించబాక. సర్కారు పొమ్మనిందని పోలా అది. మీరొద్దన్నారని ఆగలా. దానికి కావాల్సొచ్చి పోయింది. నన్ను ఇటు ఆ కాగితమూ భయపెట్టింది, అటు మీ మాటా భయపెట్టింది. మీ ఇద్దరికీ భయపడి బిడ్డ నోరు నేను మూసినా. అది మాత్రం భయపడలా."

చేతులు విప్పింది. తాడు ఆమెను దాటి వెనక్కి పోయింది. ఇరవై తొమ్మిది మంది మాత్రమే దాన్ని లాగుతున్నారు. వల అది పట్టించుకోలేదు, వస్తూనే ఉంది. మూడేళ్లలో మొదటిసారి తన ఇంటికి తాడు లేకుండా ఆ గట్టున నిలబడితే కాళ్లకింద ఇసక కూడా కొత్తగా తోచింది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కొంగుకి తుడుచుకుంది. రేపు అల్లూరుకి గంపలో ఏం పోసుకుపోవాలనే ఆలోచన అప్పుడు తట్టింది. నాగులమ్మ వచ్చి పక్కన నిలబడింది. తల్లిని తాకలేదు. తాకితే ఇద్దరూ ఏడుస్తారని తెలిసినట్టు.

"ఇది అన్యాయం" అన్నాడు కామాక్షయ్య. ఈసారి ఆ గొంతులో ఆఫీసు లేదు. "దిక్కులేని ఆడమనిషి కదా అని ఈవిడ ఒక్కదాని మీద చూపిస్తున్నారు మీ దురాయి. చదువుకున్న నేరం ఈ పిల్ల ఒక్కతే చేసిందా? ఈ పట్టీలో ఇరవై రెండు రోజులుగా హాజరు పడుతున్నవాళ్లు ఏడుగురున్నారు. ఎవరెవరి ఇళ్లలో ఉన్నారో చదవమంటారా?"

పట్టీ తెరిచినాడు.

"చదవొద్దు సార్" అన్నాడు అయివోరు. ఉద్యోగం పోతుందన్నప్పుడు కూడా కదలని మనిషి ఇప్పుడు ఒకడుగు ముందుకేసినాడు. "నన్ను నమ్మి వచ్చినారండీ వాళ్లు. నన్నేమన్నా చేసుకోండి. పేర్లు మాత్రం వద్దు."

తాడు మీద గుసగుసలు లేచినాయి. ప్రతి తల్లీ తన ఇంట్లో పొద్దున పిల్ల ఎప్పుడు లేచిందో గుర్తు చేసుకుంటోంది. ఒక తండ్రి పక్కవాడి వంక చూసినాడు, పక్కవాడు చూపు తప్పించినాడు. పేరమ్మ మాత్రం కూతుర్ని చూసింది. నాగులమ్మ కళ్లు తాడు వెంబడే పోయి, నీళ్ల అంచున, ముందు వరసలో ఒక్క చోట ఆగి, గబుక్కున కిందికి వాలినాయి.

అక్కడ పిచ్చమ్మ నిలబడి ఉంది. పెదకాపు మనవరాలు. మొహంలో నెత్తురు లేదు.

పేరమ్మ నాలుగంగల్లో కుర్చీ దగ్గరికి పోయి, తాడుకు ఒరుసుకుపోయిన తడి అరచేయి పట్టీ మీద పరిచింది. సిరా కొంచెం చెదిరింది.

"వద్దయ్యా. నా బిడ్డ తనంతట తాను చెప్పుకునింది. తక్కినోళ్లు చెప్పుకుంటారో మానుకుంటారో, అది వాళ్ల ఇష్టం. మీ నోటితో పిలవబాకండి."

"నీ మేలు కోసమేనమ్మా."

"నా మేలు నాకు తెలుసయ్యా. ఇది గాదు."

"చెయ్యి తియ్యి పేరమ్మా" అన్నాడు చిన్నపోలయ్య. ఆమె తన తోటి ఆడవాళ్లను ఎవరినో కాపాడుతోందనుకున్నాడు. "ఏ ఇంటి బిడ్డయినా గానీ, దురాయి అందరికీ ఒకటే. ఒక్క ఆడమనిషి మీద చూపించినామన్న మాట మాకొద్దు. చదవండయ్యా మీరు."

"పెదకాపా, ఒక్క మాట విను. ఈ పూటకి ఆపు."

"ఎందుకాపాల? నా ఇంట్లో ఎవరన్నా ఉంటే నన్నూ తాడు వదలమనండి. వదలతా. చదవండి."

అంత మంది ముందు ఆ మాట అనేసినాడు. ఇంక వెనక్కి తీసుకునే మాట కాదది. కామాక్షయ్య ఆమె చేతిని మెల్లగా పక్కకు జరిపి, చెదిరిన సిరా కింద రెండో పేరు కోసం వంగి కళ్లు చిట్లించినాడు.

చిన్నపోలయ్య సముద్రానికి వీపు పెట్టి నిలబడి ఉన్నాడు. అందుకే ఆయనకు కనబడలేదు. పేరమ్మకు కనబడింది. నీళ్ల అంచున పిచ్చమ్మ తాడు వదిలేసింది. పావడా తడి పిండుకోకుండా, ఎవరి వంకా చూడకుండా, తాత వీపు వైపే చూస్తూ కుర్చీ దగ్గరికి నడిచొస్తోంది.